కార్బన్ ఫైబర్ పలకకు శుభ్రమైన రంధ్రం: చివరి పొరను కాపాడటం ఎలా?



ఈ రోజు మన పాఠం ఒక రంధ్రం గురించి. మూడు మిల్లీమీటర్ల బోల్టు పట్టేంత చిన్న రంధ్రం. దీనికి కూడా ఒక పాఠం కావాలా అని మీకు నవ్వు రావచ్చు. చెక్కకు, ఇనుప రేకుకు, గోడకు బెజ్జాలు వేయడం మనమందరం చూసిందే. మీలో కొందరు స్వయంగా వేసి కూడా ఉంటారు. అయితే కార్బన్ ఫైబర్ పలక దగ్గరకు వచ్చేసరికి ఆ అలవాటే మనల్ని మోసం చేస్తుంది. ఎలా మోసం చేస్తుందో ముందు నా అనుభవంతోనే చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా విద్యార్థులు నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్ ఒకటి తయారు చేశారు. మోటార్లు బిగించే చేతులు 3 మిల్లీమీటర్ల కార్బన్ ఫైబర్ పలకతో కోసినవి. వాటికి రంధ్రాలు వేసింది నేనే. అల్యూమినియం పట్టీకి వేసినట్టే మామూలు డ్రిల్ బిట్ తగిలించి, గట్టిగా నొక్కి వేశాను. పైనుంచి చూస్తే గుండ్రంగా, అందంగా ఉంది. తిప్పి చూస్తే రంధ్రం చుట్టూ పోగులు లేచి, చివరి పొర కొంత ఊడి ఉంది. “మోటారు కింద దాగిపోతుందిలే” అన్నాను. రెండు వారాల తరవాత మైదానంలో ఎగురుతుండగా ఆ చెయ్యి సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే చీలిపోయింది. నిలబడి చూస్తున్న ఒక విద్యార్థికి రెండడుగుల దూరంలో డ్రోన్ కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది అదృష్టం. కానీ ఆ మాట చివర నేను పలికిన ‘లే’ అన్న ఒక్క అక్షరం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నేను చేసిన తప్పులు ఏమిటో, వాటిని మీరు చేయకుండా ఉండాలంటే ఏం తెలియాలో ఈ పాఠంలో చూద్దాం.

ఈ పదార్థం ఎలాంటిది?

కార్బన్ ఫైబర్ పోగు మందం 5 నుంచి 7 మైక్రోమీటర్లు. మన తల వెంట్రుకలో సుమారు పదో వంతు అనుకోండి. ఇలాంటి వేల పోగులను కట్టగా చేర్చి, ఆ కట్టలతో గుడ్డలాగా నేస్తారు. ఆ గుడ్డ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఎపాక్సీ రెజిన్ అనే జిగురుతో తడిపి గట్టిపరుస్తారు. అలా తయారైనదే మనం బజారులో కొనే నల్లటి పలక. నేత పొర ఒక్కొక్కటి సుమారు పావు మిల్లీమీటరు ఉంటే, 2 మిల్లీమీటర్ల పలకలో ఎనిమిది పొరలు ఉంటాయి.

ఈ పదార్థం గొప్పతనం దాని తేలికదనం, బలం. సాధారణ రకం కార్బన్ పోగు పొడవునా లాగితే సుమారు 3500 మెగాపాస్కల్ వరకు తట్టుకుంటుంది. మెత్తటి ఉక్కు సుమారు 400 దగ్గరే తెగిపోతుంది. బరువు చూస్తే ఉక్కులో నాలుగో వంతు కూడా ఉండదు. అందుకే 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన మన తేలికపాటి యుద్ధ విమానం తేజస్ రెక్కలను కార్బన్ ఫైబర్ మిశ్రమ పదార్థంతో చేశారు. 2009 డిసెంబరులో తొలిసారి ఎగిరిన బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇలాంటి మిశ్రమ పదార్థాలదే. ఈ విమానాల్లో బోల్టుల కోసం వేలాది రంధ్రాలు వేయాలి. అక్కడి ఇంజనీర్లకు ఎదురయ్యే సమస్యే, చిన్న రూపంలో, మీ బల్ల మీద మీకు ఎదురవుతుంది.

ఇక దాని బలహీనత. పోగుల వెంట అంత బలమున్న ఈ పలకలో పొరకూ పొరకూ మధ్య ఉన్నది రెజిన్ మాత్రమే. ఆ రెజిన్ బలం పోగు బలంలో సుమారు యాభయ్యో వంతు. ఆత్రేయపురం పూతరేకుల చుట్టను చూడండి. దాన్ని పొడవునా పట్టుకుంటే ఆకారం నిలుస్తుంది. గోటితో అంచున లేపితే మాత్రం రేకు రేకుగా విడిపోతుంది. కార్బన్ ఫైబర్ పలకకు కూడా పొరలు విడిపోవడమే పెద్ద భయం. ఇంజనీర్లు దీన్ని డీలామినేషన్ అంటారు.

రంధ్రం ఎక్కడ చెడుతుంది?

డ్రిల్ బిట్ పలకలోకి దిగేటప్పుడు రెండు చోట్ల ప్రమాదం ఉంది. మొదటిది పైపొర దగ్గర. బిట్ మెలికలు పై పొరను స్క్రూలాగా పైకి లాగుతాయి. రెండోది, ఎక్కువ ప్రమాదకరమైనది, కింది వైపు. బిట్ చివరి పొరలను చేరేసరికి వాటి కింద ఆధారంగా ఏమీ ఉండదు. బిట్ పోగులను కోసేలోపే వాటిని కిందికి తోసేస్తుంది. పోగులు తెగకుండా వంగుతాయి, పొర ఊడుతుంది.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. 1990లో హో-చెంగ్, ధరన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సమస్యను గణితంగా విశ్లేషించారు. పొరలు విడిపోకుండా బిట్ కింద పలక ఎంత నొక్కుడు తట్టుకోగలదన్నది, ఇంకా కోయకుండా మిగిలిన మందం మీద ఆధారపడుతుంది. మిగిలిన మందాన్ని ‘హెచ్’ అనుకుంటే, ఆ బలం హెచ్ యొక్క ఒకటిన్నరో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 2 మిల్లీమీటర్లు మిగిలి ఉన్నప్పుడు తట్టుకునే బలం 100 అనుకుందాం. 1 మిల్లీమీటరు మిగిలితే అది 35కు పడిపోతుంది. అర మిల్లీమీటరు దగ్గర 12.5. పావు మిల్లీమీటరు, అంటే చివరి ఒక్క పొర మిగిలినప్పుడు, నాలుగున్నర కూడా ఉండదు.

అంటే మొదట ఎంత బలంతో నొక్కామో చివరి వరకు అంతే బలంతో నొక్కితే చివరి పొర నిలవదు. నేను ఆ రోజు చేసింది సరిగ్గా అదే. ఈ లెక్క మనకు రెండు దారులు చూపిస్తుంది. ఒకటి, చివర్లో నొక్కుడు బాగా తగ్గించాలి. రెండు, చివరి పొర కింద ఏదైనా ఆధారం పెట్టి, అది ఒంటరిగా ఆ బలాన్ని మోయకుండా చూడాలి. మన వడ్రంగులు మంచి పలకకు బెజ్జం వేసేటప్పుడు అడుగున ఒక పనికిరాని చెక్కముక్క పెట్టడం మీరు చూసే ఉంటారు. లెక్క తెలియకపోయినా వాళ్లకు ఈ సూత్రం చేతిపనిలో తెలుసు.

ఏ పనిముట్లు కావాలి?

కార్బన్ పోగు గరుకైనది. మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్ కొన్ని రంధ్రాలకే మొద్దుబారుతుంది. మొద్దు బిట్‌కు ఎక్కువ నొక్కుడు కావాలి, నొక్కుడు పెరిగితే పొరలు విడిపోతాయి. కాబట్టి కార్బైడ్ బిట్ కొనండి. సర్క్యూట్ బోర్డులకు రంధ్రాలు వేసే కార్బైడ్ బిట్లు చిన్న సైజుల్లో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. కార్బైడ్ గట్టిదే గానీ పెళుసు. పక్కకు ఒరిగితే పుటుక్కున విరుగుతుంది. అందుకే డ్రిల్ మెషీన్‌ను చేత్తో పట్టుకునే బదులు స్టాండుకు బిగించి వాడటం మంచిది.

బిట్ కొన దగ్గర మధ్యలో చిన్న అడ్డగీత ఉంటుంది. అది కోయదు, కేవలం నొక్కుతుంది. మొత్తం నొక్కుడులో పెద్ద భాగం దానిదే. ముందు చిన్న రంధ్రం వేసి, తరవాత పెద్ద బిట్ దింపితే ఆ అడ్డగీతకు పని ఉండదు. నొక్కుడు చాలా తగ్గుతుంది.

ముందు దుమ్ము సంగతి

పని మొదలుపెట్టకముందే ఈ భాగం చదవండి. రంధ్రం చెడితే పలక పోతుంది. దుమ్ము పీలిస్తే పోయేది మీ ఆరోగ్యం.

పూర్తి మందం ఉన్న పోగు ముక్కలు ఎక్కువగా ముక్కులో, గొంతులో ఆగుతాయి. కానీ డ్రిల్లింగ్‌లో నలిగిన పోగుల పొడి, రెజిన్ పొడి ఇంకా సన్నగా ఉండి ఊపిరితిత్తుల దాకా వెళ్లగలవు. చర్మానికి, కళ్లకు తగిలితే దురద, మంట. ముక్కుకు కట్టుకున్న చేతి రుమాలు దీన్ని ఆపలేదు. ఎన్-95 లేదా అంతకంటే మెరుగైన మాస్కు ముఖానికి సందు లేకుండా పెట్టుకోవాలి. పక్కలు కూడా మూసే కళ్లద్దాలు తప్పనిసరి. పలకలను పట్టుకునేటప్పుడు పలచటి రబ్బరు తొడుగులు వేసుకోండి. తిరుగుతున్న డ్రిల్ దగ్గర మాత్రం వదులైన గుడ్డ తొడుగులు, చున్నీ, పొడవు చేతులు ఉండకూడదు. చక్‌లో చుట్టుకుంటే చేతినే లాగేస్తుంది.

ఫ్యాను ఆపేయండి. వంటగదిలోనూ పడకగదిలోనూ ఈ పని వద్దు. హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బిట్ పక్కనే పెట్టి నడపండి. నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు, వేడీ తగ్గుతుంది. కానీ కరెంటు తీగ ఉన్న డ్రిల్ దగ్గర నీళ్లు ప్రాణాపాయం. బ్యాటరీ డ్రిల్ అయితేనే, అదీ కొద్ది చుక్కలే వాడాలి. ఇంకో సంగతి: కార్బన్ విద్యుత్ వాహకం. ఈ పొడి కంప్యూటర్‌లోకో స్విచ్ బోర్డులోకో చేరితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు. పని అయ్యాక చీపురుతో ఊడ్చకండి, నోటితో ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారేయండి. వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. పాఠశాల విద్యార్థులు పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈ పని చేయవద్దు.

పని క్రమం

ఒకటి. రంధ్రం వేసే చోట పలకకు రెండు వైపులా మాస్కింగ్ టేపు గట్టిగా అతికించండి. నల్లటి పలక మీద గుర్తు కనిపించదు, టేపు మీద కనిపిస్తుంది. పై పొర లేవకుండా కూడా ఆ టేపు కొంత ఆపుతుంది.

రెండు. గుర్తు పెట్టండి. ఇనుముకు చేసినట్టు సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో కొట్టకూడదు. ఆ దెబ్బకు లోపలి పొరలు అక్కడే చిట్లుతాయి. బిట్ జారకుండా ఉండాలంటే ముందే రంధ్రం ఉన్న చెక్కముక్కను పైన బిగించి దారిగా వాడండి. రంధ్రం మధ్య బిందువు పలక అంచు నుంచి కనీసం రంధ్ర వ్యాసానికి మూడు రెట్ల దూరంలో ఉండాలి. 3 మిల్లీమీటర్ల రంధ్రానికి 9 మిల్లీమీటర్లన్నమాట.

మూడు. పలక కింద ప్లైవుడ్ ముక్క పెట్టి, రెండింటినీ కలిపి క్లాంపులతో బల్లకు బిగించండి. పలకకూ చెక్కకూ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు. సందు ఉంటే ఆధారం లేనట్టే. ప్రతి రంధ్రానికీ ప్లైవుడ్‌ను కొత్త చోటికి జరపండి. ఒకసారి బెజ్జం పడ్డ చోట మళ్లీ ఆధారం ఉండదు. గొట్టానికి రంధ్రం వేస్తుంటే లోపల బిగుతుగా పట్టే చెక్క కడ్డీ దూర్చండి.

నాలుగు. ముందు ఒకటిన్నర మిల్లీమీటర్ల బిట్‌తో, తరవాత మూడు మిల్లీమీటర్ల బిట్‌తో వేయండి. వేగం నిమిషానికి సుమారు 3000 చుట్లు. చుట్టుకు 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్లు దిగితే 3 మిల్లీమీటర్ల పలకకు నూరు నుంచి నూటయాభై చుట్లు, అంటే రెండు మూడు సెకన్లు చాలు. చేత్తో దింపేటప్పుడు ఐదారు సెకన్లు పట్టినా ఫరవాలేదు. అరనిమిషం పడుతోందంటే మాత్రం బిట్ కోయడం మానేసి రుద్దుతోందని అర్థం. రుద్దుడుతో వేడి పుడుతుంది. ఇంట్లో గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపరచిన ఎపాక్సీ 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడవచ్చు. కాలిన వాసన వస్తే ఆపి, బిట్ మార్చండి.

ఐదు. చివరి మిల్లీమీటరులో చెయ్యి తేలిక చేయండి. మన లెక్క గుర్తు తెచ్చుకోండి. తిరుగుతున్న బిట్ బరువు మాత్రమే పనిచేస్తున్నట్టు ఉండాలి. చెక్కలోకి కొంత దిగేదాకా అదే నెమ్మది. బిట్ తిరుగుతుండగానే పైకి తీయండి.

ఆరు. టేపును నిటారుగా లాగవద్దు. రంధ్రం వైపుకు, పలకకు ఆనుకునేలా మడిచి మెల్లగా తీయండి. రంధ్రం కొంచెం బిగుతుగా ఉంటే సన్నని కడ్డీకి చుట్టిన సాండ్ పేపర్‌తో గానీ, వజ్రపు పొడి పూసిన గుండ్రటి ఆకురాయితో గానీ సరిచేయండి. ఆకురాయిని పొరల లోపలికి నెట్టాలే తప్ప బయటికి లాగుతూ రాయకూడదు.

రంధ్రం వేశాక

ఇప్పుడు పలకను వెనక్కి తిప్పండి. ఈ పాఠంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే అది ఇదే: వెనక వైపు చూడండి. దీపం కింద పెట్టి, భూతద్దంతో చూడండి. దెబ్బతిన్న ప్రాంతం అత్యధిక వ్యాసాన్ని కొలిచి, రంధ్రం వ్యాసంతో భాగించండి. దీన్ని డీలామినేషన్ గుణకం అంటారు. 3 మిల్లీమీటర్ల రంధ్రం చుట్టూ దెబ్బ 3.6 మిల్లీమీటర్లకు పాకితే గుణకం 1.2. ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే రంధ్రం అంత శుభ్రమైనది. నాణెంతో చుట్టూ మెల్లగా తట్టి వినండి. ఖణేల్‌మనే శబ్దం మధ్యలో ఎక్కడైనా బొద్దుగా మారితే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు.

రంధ్రం బాగుంటే దాని గోడకు పలచగా ఎపాక్సీ పూసి ఆరనివ్వండి. విప్పారిన పోగుల సందుల్లోకి తేమ వెళ్లకుండా ఆపుతుంది. బోల్టు కింద వెడల్పాటి వాషర్ వేసి, మితంగా బిగించండి. పలకలోనే మరలు చెక్కే ప్రయత్నం వద్దు. పొరల్లో మర నిలవదు.

బోల్టు ఏ లోహానిదో కూడా చూడాలి. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉప్పు తేమలో ఉంటే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. కరిగిపోయేది అల్యూమినియం. విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో ఉన్నవాళ్లు ఇది మరీ గమనించాలి. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా టైటానియం బోల్టు వాడండి. అల్యూమినియం తప్పనిసరైతే మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర గానీ, నైలాన్ వాషర్ గానీ పెట్టండి.

ఎక్కడ రంధ్రం వేయకూడదు?

రంధ్రం ఎంత శుభ్రంగా వేసినా అక్కడ పలక కొంత బలహీనపడుతుంది. లాగుతున్న వెడల్పాటి లోహపు పలకలో గుండ్రటి రంధ్రం అంచున ఒత్తిడి మూడు రెట్లు అవుతుంది. పోగులన్నీ ఒకే దిశలో ఉన్న కార్బన్ పలకలో అది ఆరేడు రెట్లు కూడా కావచ్చు. అందుచేత సైకిల్ ఫ్రేముకు నీళ్ల సీసా తగిలించడానికని, హెల్మెట్‌కు కెమెరా పెట్టడానికని మీరు రంధ్రం వేయవద్దు. మనిషి ప్రాణం ఆధారపడే భాగాల్లో రంధ్రం ఎక్కడ ఉండాలో వాటిని రూపొందించినవారే లెక్కగట్టి నిర్ణయించాలి. మన ఇంటి పని డ్రోన్ చట్రాలకు, నమూనా విమానాలకు, పరికరాల పెట్టెలకు పరిమితం.

మీరు చేయదగ్గ ప్రయోగం

ఒక తుక్కు పలక మీద ఒకే బిట్‌తో నాలుగు రంధ్రాలు వేయండి. మొదటిది కింద ఆధారం లేకుండా. రెండోది టేపుతో మాత్రమే. మూడోది ప్లైవుడ్‌తో మాత్రమే. నాలుగోది టేపు, ప్లైవుడ్ రెండింటితోనూ, చివర్లో నొక్కుడు తగ్గించి. వెనక వైపును స్కానర్ మీద పెట్టి చిత్రం తీసి, ప్రతిదానికీ గుణకం లెక్కగట్టండి. నేను చెప్పింది నమ్మడం కంటే మీ పట్టికలో అంకెలు చూడటం మేలు.

ఇంతవరకు మనం చెప్పుకున్నది ఇదీ: కార్బన్ ఫైబర్ బలం పోగుల్లో, బలహీనత పొరల మధ్య ఉంది. రంధ్రం ఎక్కువగా చెడేది చివరి పొర దగ్గర. పదునైన బిట్, కింద ఆధారం, చివర్లో తేలిక చెయ్యి దాన్ని కాపాడతాయి. మాస్కు, వాక్యూమ్ మిమ్మల్ని కాపాడతాయి.

ఆలోచించండి: మిగిలిన మందం మూడో వంతుకు తగ్గితే పలక తట్టుకునే నొక్కుడు ఎన్నో వంతు అవుతుంది? వాడిన ప్లైవుడ్ బెజ్జం మీదే మళ్లీ రంధ్రం వేస్తే ఏమవుతుంది? మొద్దు బిట్‌ను నెమ్మదిగా దింపితే సమస్య తీరుతుందా?

ఆ కూలిన డ్రోన్ చెయ్యిని నేను పారేయలేదు. మా వర్క్‌షాపు గోడకు, వెనక వైపు కనిపించేలా తిప్పి, వేలాడదీశాను. కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థికీ ముందు అది చూపించాకే డ్రిల్ చేతికిస్తాను. మీరు వేసిన రంధ్రం వెనక పోగులు లేస్తే ఆ ముక్కను పక్కన పెట్టి ఇంకొకటి కోయండి. పోయేది ఒక చిన్న పలక, ఒక సాయంత్రం. అంతకంటే పెద్ద నష్టం జరగకుండా ఆపే శక్తి ఆ క్షణంలో మీ చేతిలోనే ఉంటుంది.